వరుస తప్పని పదిహేను మాటలు

మొదట పొట్టిదైంది ఒక పోస్టాఫీసు గుమాస్తాగారి ప్యాంటు.

అంగుళంన్నర తగ్గించమని ఇచ్చి వెళ్ళాడాయన. అక్క మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి కొయ్యకి తగిలించింది. మర్నాడు పొద్దున దానికి పిన్నుతో గుచ్చిన చీటీ కంటబడి మళ్ళీ అంగుళంన్నర తగ్గించింది. మూడోనాడు ఇంకోసారి. గుమాస్తాగారు వచ్చి, దుకాణంలో తెర చాటుకి వెళ్ళి, అది తొడుక్కుని బయటికొచ్చేసరికి చీలమండలు రెండూ బయటపడి, నీళ్ళలోకి దిగబోతున్నవాడిలా ఉన్నాడట. ఈ సంగతంతా మరదలికి చెబుతూ బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నవ్వులాట కాదే డాక్టరమ్మా, మీ అక్కకి ఏదో అవుతోంది" అన్నాడు. ఇది కిందటేడు మాట.

మరదల్ని అతను డాక్టరమ్మా అనేది ఏడిపించడానికే. ఆమె డాక్టరు కాదు. పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని మనుషుల జ్ఞాపకశక్తినీ ధ్యాసనీ మాటనీ పరీక్షించే సైకాలజిస్టు. ముప్పై ఏళ్ళ సర్వీసు. మందు రాయదు, సూది వెయ్యదు. మాటలు చదువుతుంది, బొమ్మలు గీయిస్తుంది, స్టాప్‌వాచీ నొక్కుతుంది. "నువ్వు సగం డాక్టరువే. మిగతా సగం కింది అంతస్తులో కోటు వేసుకుని తిరుగుతోంది" అనేవాడు బావ. ముప్పై అయిదేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు అక్క కుట్టు దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుని చీటీలు రాస్తాడు. దుకాణం వెనక వాళ్ళిద్దరి కాపురం, మేడ మీద గదిలో చెల్లెలు.

అక్కకీ ఆమెకీ పన్నెండేళ్ళ తేడా. అమ్మా నాన్నా పోయేనాటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత అన్నం పెట్టిందీ, జుట్టు దువ్విందీ, వీపు మీద నాలుగు వడ్డించిందీ అక్కే. కుట్టు మిషను చప్పుడు ఆగితే చదువు ఆగిపోతుందేమోనని భయపడుతూ పెరిగింది చెల్లెలు. నిద్రలో కూడా ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గేది.

సైకాలజీ చదివే రోజుల్లో పరీక్షలు చేయడం సాధన చెయ్యాలి. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. ఇంట్లో ఉన్నది అక్కే. మిషను తొక్కుతూనే అంకెలు వెనక నుంచి ముందుకి చెప్పేది, కుట్టు ఆపి సుద్దముక్కతో బొమ్మలు గీసేది. మాటల పరీక్ష సరేసరి. పదిహేను మాటలు నింపాదిగా చదవాలి. గుర్తున్నవి చెప్పమనాలి. మళ్ళీ చదవాలి. అయిదుసార్లు. అరగంట వేరే పని చేయించి, అప్పుడు మళ్ళీ అడగాలి. గొడుగు, నిచ్చెన, పాలు, తాళం, మేఘం... అప్పట్లో ఆమె ధ్యాసంతా తన గొంతు మీదే. మాటకీ మాటకీ మధ్య ఒక్క సెకను విరామం రావాలి. అక్క ఏం చెప్పింది, ఎన్ని చెప్పింది అన్నది ఆమెకి పట్టలేదు.

ఆసుపత్రిలో రాయని నియమం ఒకటి ఉంది. సొంతవాళ్ళని పరీక్షించకూడదు. ట్రైనింగుకి వచ్చిన ప్రతి బ్యాచికీ మొదటి రోజే ఆ మాట చెప్పేది చెల్లెలే. కానీ బావ ప్యాంటు కథ చెప్పిన రోజున ఆ నియమం ఆమెకి అడ్డురాలేదు. ఆసుపత్రికి రమ్మంటే అక్క రాదు. "మీ ఆసుపత్రిలో అడుగుపెడితే లేని రోగం అంటగట్టి పంపిస్తారు" అంటుంది. అందుకని ఫైలూ, స్టాప్‌వాచీ సంచిలో వేసుకుని ఇంటికే తెచ్చి, వంటింటి బల్ల మీద పరిచింది.

అక్క చెయ్యి తుడుచుకుని కూర్చుంది. కూర్చుని, బావ వినకుండా గొంతు తగ్గించి, "చూడు పిడుగా" అంది. చిన్నప్పట్నుంచీ ఆ పేరే. "ఏదైనా ఉంటే ముందు నాకే చెప్పు. ఆయనకి కాదు. ఆయన బస్సు నడిపాడు గానీ గుండె కోడిపిల్లది. నా సంగతి నాకు తెలిస్తే, నా తల పనిచేస్తుండగానే నేను చూసుకోవలసినవి చూసుకుంటా. మాటివ్వు."

"ఇచ్చాలే. ముందు పరీక్ష కానీ."

అక్క పదిహేనింటిలో పధ్నాలుగు చెప్పింది. అరగంట పోయాక అడిగితే పధ్నాలుగూ చెప్పింది. అంకెలు వెనక నుంచి చెప్పింది. బొమ్మ చూసి గీసింది, చూడకుండానూ గీసింది. చెల్లెలికి ఎంత ఆనందం వేసిందంటే, ఫైలు మూసి దుకాణంలోకి పరిగెత్తి, "బావా! మతిమరుపు నీకే. చీటీ తీసెయ్యడం నువ్వు మర్చిపోయి అక్క మీద పెడుతున్నావు" అంది. బావ కాసేపు తెల్లబోయి చూశాడు. తర్వాత అతని మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "బతికించావు తల్లీ" అన్నాడు.

అప్పట్నుంచి బావ దిగులుపడటం మానేసి, తిట్టడం మొదలుపెట్టాడు.

జబ్బు లేదని తేలింది కదా, ఇక మిగిలింది నిర్లక్ష్యమే. పొయ్యి మీద గిన్నె మాడితే నిర్లక్ష్యం. ఒకే కోటుకి రెండు వేరు వేరు లైనింగులు పడితే నిర్లక్ష్యం. అడిగిందే నాలుగుసార్లు అడిగితే, "నా మాటంటే నీకు లెక్కలేకుండా పోయింది. కావాలని చేస్తున్నావు" అనేవాడు. నలభై ఏళ్ళ కాపురంలో గట్టిగా ఒక మాట అనని మనిషి. అక్క తిరిగి అనేది కాదు. గోడ వైపు తిరిగి మిషను తొక్కేది. మేడ మీద నుంచి వింటూ చెల్లెలు, రిటైరైన మగవాళ్ళు ఇంతే, తోచక సతాయిస్తారు అనుకునేది. ఒకటి రెండుసార్లు అక్క తరఫున బావతో దెబ్బలాడింది కూడా. కానీ పరీక్ష ఫలితం మీద ఆమెకి అనుమానం రాలేదు. అది కాగితం మీద అంకె. కాగితం మీది అంకెలే ఆమెకి ఇంతకాలం కూడు పెట్టాయి.

ఈ ఏడు ఆసుపత్రిలో పాత మాటల పట్టిక తీసేసి కొత్తది ఇచ్చారు. పదిహేను కొత్త మాటలు. రోగికి చదివే ముందు నోటికి అలవాటు కావాలి. ఎప్పటిలాగే చెల్లెలు కాగితం పట్టుకుని మేడ దిగింది.

దుకాణంలో అక్క ఒక్కతే ఉంది. సూట్‌కేసుకి జిప్పు కుడుతోంది. చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. సూది ఎక్కడ దిగాలో, బట్ట ఎప్పుడు తిప్పాలో కంటితో పనిలేకుండా వేళ్ళకే తెలుసు.

"కొత్త పాఠమా?" అంది తల ఎత్తకుండా.

"కొత్తదే. విను. అద్దం, గుర్రం, ఉప్పు, వంతెన..." పదిహేనూ చదివింది, సెకనుకి తగ్గకుండా. "ఇప్పుడు గుర్తున్నవి చెప్పు."

అక్క మిషను ఆపింది. కళ్ళు మూసుకుంది. పాఠం అప్పజెప్పే పిల్లలా నిటారుగా కూర్చుంది.

"గొడుగు, నిచ్చెన, పాలు, తాళం, మేఘం, చెప్పు, ఏనుగు, కిటికీ, సబ్బు, పడవ, గంట, దిండు, నిమ్మకాయ, రైలు, ఉత్తరం."

చెల్లెలు చేతిలోని కాగితం కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.

"ఏం, తప్పా?"

"తప్పు కాదు. అక్కా, ఇవి నీకెప్పుడు వచ్చాయి?"

"ఎప్పుడేమిటే, నువ్వు చదువుకునేటప్పుడే." అక్క కాస్త సిగ్గుపడినట్టు నవ్వింది. "ముందు ఏడో ఎనిమిదో చెప్పేదాన్ని. నువ్వు ఏదో రాసుకునేదానివి. నేను తక్కువ చెబితే నీకు మార్కులు తక్కువేస్తారనుకున్నా. నువ్వు కాలేజీకి వెళ్ళాక ఆ కాగితం తీసి, మిషను మీద అతికించుకుని బట్టీపట్టా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే జపం. ఆ బొమ్మలూ అంతే, ఆ అంకెలూ అంతే. నీకు ఫస్టు క్లాసు ఊరికే వచ్చిందనుకున్నావా?"

వరుసగా చెప్పింది. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. అప్పటికప్పుడు విని గుర్తుపెట్టుకున్నవాళ్ళెవరూ వరుసగా చెప్పరు. చివర విన్నవి ముందు కక్కేసి, మొదటివి తర్వాత తవ్వుకుని, నడిమివి జారవిడుస్తారు. అది ఆమె వేల మందిలో చూసింది. చెల్లెలు మేడెక్కి కిందటేటి ఫైలు తీసింది. అందులో అక్క చెప్పిన మాటలకి ఎదురుగా వరుస సంఖ్యలు తన చేత్తోనే రాసి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మధ్యలో ఒక్క సబ్బు లేదు, అంతే. ట్రైనీలకి ఆమె చెప్పే మాట ఒకటుంది. కన్ను తెచ్చి ఇచ్చేది సగమే, మిగతా సగం మెదడు తనకి కావలసినట్టు పూరించుకుంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకి ఎప్పుడూ వేరేవాళ్ళ కళ్ళే గుర్తొచ్చేవి.

ఆ వారంలోనే, రానని అక్క మొరాయించినా వినకుండా, ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్ష తను చెయ్యలేదు. జూనియరు అమ్మాయి, అక్క ఎన్నడూ వినని పట్టికతో చేసింది. అయిదుసార్లు చదివాక అక్క చెప్పింది నాలుగు మాటలు. అరగంట తర్వాత ఒక్కటీ లేదు. అసలు ఎవరో మాటలు చదివిన సంగతే గుర్తు లేదు. "నువ్వు చదవనేలేదు కదమ్మా" అంది ఆ అమ్మాయితో, మర్యాదగా.

స్కానింగు వచ్చాక బావని ఆ కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి చెప్పింది చెల్లెలు. బల్ల మీద రబ్బరు మెదడు. ఏ ముక్కకాముక్క ఊడొస్తుంది. ఎంతమంది ఇళ్ళవాళ్ళకో అలా విడదీసి చూపించింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. పై భాగం ఎత్తి, లోపల చెవుల ఎత్తులో, చిటికెన వేలంత వంకర ముక్క తీసి అతని అరచేతిలో పెట్టింది.

"హిప్పోకాంపస్ అంటారు దీన్ని. రెండు పక్కలా ఒక్కోటి. ఇది అక్క చేసే కచ్చా కుట్టు లాంటిది బావా. కొత్త సంగతి ఏదొచ్చినా ముందు ఇది పట్టి నిలబెడుతుంది. తర్వాత మెల్లగా, రోజులూ నెలలూ పట్టి, పైనున్న పొరలో మిషను కుట్టు పడుతుంది. అది పడ్డాక కచ్చా దారం లాగేసినా బట్ట ఊడిపోదు. అక్కకి పాతవన్నీ మిషను కుట్టు. నువ్వు, నేను, పెళ్ళి, ఆ పదిహేను మాటలు. కొత్తవాటికి కచ్చా కుట్టు వెయ్యడానికి దారం అయిపోయింది."

"మరి బట్టలు కుడుతోందిగా, చక్కగా?"

"అది వేరే చోటు. చేతి అలవాట్లు లోపలి ముడుల్లో, ఇదిగో ఈ వెనక చిన్న మెదడులో. అవి ఇంకా బాగున్నాయి."

బావ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. డ్రైవరు స్పేరు పార్టు చూసినట్టు చూశాడు. "ఇది దొరకదా?" అన్నాడు. అని, తను అన్నదేమిటో తనకే తెలిసి, మూతి బిగించుకున్నాడు. ముక్కని బల్ల మీద పెట్టేసి, "ఏడాది తిట్టానే" అన్నాడు. "కావాలని చేస్తోందనుకుని తిట్టాను."

"నా వల్ల తిట్టావు."

కాదని అతను అనలేదు.

అక్కకి చెప్పాలి. ముందు నాకే అంది. ముందు అనేది అప్పటికే దాటిపోయింది. అయినా చెప్పాలి. కిందటేడు చెప్పి ఉంటే ఆ కబురు అక్కలో నిలిచేది. దానితో ఆవిడ ఏం చేసుకునేదో, దుకాణం ఎవరికి అప్పగించేదో, ఎవరితో ఏ మాట చెప్పుకునేదో, ఎక్కడికి వెళ్ళొచ్చేదో, ఆ ఏడాది ఆవిడది. అది ఆవిడ చేతికి రాకుండా పోయింది. ఇప్పుడు చెప్పినా కాసేపే. కాసేపు ఉండేదాన్ని చెప్పడం ఎందుకు అన్నాడు కింది అంతస్తు డాక్టరు. మాటిచ్చాను అంది చెల్లెలు.

ఆదివారం మధ్యాహ్నం. దుకాణం షట్టరు సగం దించి ఉంది. బావని బయటికి పంపేసింది. అక్క ఎదురుగా, గిరాకీ కూర్చునే స్టూలు మీద కూర్చుని, అక్క వేలికున్న అంగుళితొడుగు తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకుంది. చిన్న చిన్న మాటల్లో చెప్పింది. జబ్బు పేరు చెప్పింది. తగ్గదని చెప్పింది. తప్పించుకోకుండా చెప్పడం ఆమెకి వృత్తిలో వచ్చిన విద్య.

అక్క అంతా విన్నది. విన్నంతసేపూ పాత అక్కే.

"ఎన్నాళ్ళయింది మొదలై?"

"రెండు మూడేళ్ళయి ఉంటుంది."

"పోయినేడు చూశావుగా?"

"చూశాను. తప్పు చూశాను."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, నెమ్మదిగా, బట్ట మీద నుంచి కత్తెర తీసినట్టు. "ఆయన కావాలని చేస్తున్నావు అన్నప్పుడల్లా, నేను నిజంగానే కావాలని చేస్తున్నానేమో అనుకున్నానే" అంది. "నా బుద్ధి పాడైపోయిందనుకున్నా. అంత మంచి మనిషిని ఎందుకు ఏడిపిస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నా. నీకు చెబుదామనుకుంటే, అక్కకేం, ఉక్కు బుర్ర అని నువ్వే ఊరంతా చెబుతుంటివి."

చెల్లెలు ఖాళీ చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఆఖరికి నిన్ను కూడా మర్చిపోతానా?"

"చివర్లో. బహుశా."

అక్క ఏడ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా చెల్లెలు చూడకూడదని వంటింట్లోకి వెళ్ళి ఇలాగే ఏడ్చి ఉంటుంది.

అంతలో షట్టరు కిందనుంచి వంగి ఒకావిడ వచ్చింది. పిల్లాడి కోటుకి బొత్తాలు ఊడాయట, సాయంత్రం ప్రయాణమట. అక్క మొహం తుడుచుకుని లేచింది. బొత్తాల డబ్బా తీసింది, రంగు జత చూసింది, దారం కొరికింది, నాలుగు బొత్తాలు కుట్టి ఇచ్చింది. "మీవాడు గుంజుతాడు కాబోలు, గట్టిగా వేశాను. ఇక కోటైనా చిరగాలి గానీ బొత్తం ఊడదు" అని నవ్వించి పంపించింది. పావుగంట పట్టిందేమో.

తిరిగొచ్చి మిషను ముందు కూర్చుని, చేత్తో చెంప తడుముకుని చూసుకుంది. తడి.

"ఇదేంటే, నేను ఏడ్చానా?"

చెల్లెలు తల ఊపింది.

"ఎందుకు? ఇక్కడ" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది, "రాయి పెట్టినట్టుంది. ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదక్కా."

ఇది చెల్లెలు పుస్తకాల్లో చదివింది, పాఠం చెప్పింది. జరిగిన సంగతిని పట్టి ఉంచేది ఒకటి, ఆ సంగతి తెచ్చిన బాధని మోసేది ఇంకొకటి. బాదం గింజంత ఉంటుంది ఆ రెండోది. మొదటిది చెడిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. సంగతి వెళ్ళిపోతుంది, దుఃఖం ఉండిపోతుంది. ఎందుకో తెలియని దుఃఖం మనిషిని ఊరుకోనివ్వదు, కారణం కావాలంటుంది. పాఠం చెప్పినప్పుడు ఇది ఆమెకి చాలా ముచ్చటైన విషయంగా అనిపించేది.

మళ్ళీ చెప్పొచ్చు. చెబితే అక్క మళ్ళీ మొదటిసారి వింటుంది. అలా ఎన్నిసార్లు?

"మనం పోట్లాడుకున్నామా ఏంటి?" అంది అక్క, చెల్లెలి మొహంలోకి తేరిపార చూస్తూ.

"ఆఁ. పోట్లాడుకున్నాం."

"అదీ సంగతి!" అక్క మొహం కొంచెం తేరుకుంది. "చెప్పవే మరి. చచ్చేంత కంగారుపడ్డా. తప్పెవరిది?"

"నాది."

"ఏం చేశావ్?"

"నీ గురించి ఒక సంగతి బావకి చెప్పాను. అది నిజం కాదు. సరిగ్గా చూడకుండా తొందరపడి చెప్పాను. దానివల్ల నువ్వు చాలా మాటలు పడ్డావు."

అక్క ఆలోచించింది. ఏదో వెతుక్కుంది. దొరకలేదు. "పోనీలే" అంది. "నీది పుట్టు తొందర. కడుపులోంచి కూడా నెల ముందే ఊడిపడ్డావు."

చెల్లెలు నవ్వబోయింది. ఆ పోనీలే ఆమెకి అందలేదు. దేన్ని క్షమిస్తోందో అక్కకి తెలియదు. తెలిసినప్పుడు, పావుగంట కిందట, ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్క నుంచి ఆమెకి వచ్చిన నిజమైన జవాబు అదొక్కటే. అది ఇప్పుడు ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

బావ తిరిగొచ్చాడు. షట్టరు కిందనుంచి వంగి, ఇద్దర్నీ చూసి, అక్కడే నిలబడిపోయాడు. చెప్పేశావా అన్నట్టు కళ్ళతో అడిగాడు. చెల్లెలు కళ్ళతోనే అవునంది. అతను మళ్ళీ బయటికి వెళ్ళిపోదామా అన్నట్టు అటూ ఇటూ చూసి, కౌంటరు వెనక కూర్చుని, రాయాల్సిన చీటీ లేకపోయినా పెన్ను తీశాడు.

మిషను కాసేపు నడిచింది. ఆగింది.

"పిడుగా" అంది అక్క. "ఏమైందే మనకి? నీ మొహం చూస్తే ఏదోలా ఉంది. నాకు చూడబోతే ఇక్కడ బరువుగా ఉంది. పోట్లాడుకున్నామా?"

బావ పెన్ను ఆగిపోయింది.

"పోట్లాడుకున్నాం అక్కా."

"తప్పెవరిది?"

"నాదే."

ఈసారి అక్క పోనీలే అనలేదు. సూదిని బట్టలో గుచ్చి వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు స్కూలు నుంచి మార్కుల కాగితం తెచ్చినప్పుడు చూసినట్టే చూసింది. "నీదైతే మరి అడగవేం? తప్పు చేసినవాళ్ళు అడగాలా వద్దా?"

చెల్లెలు స్టూలు మీద నుంచి దిగి, కింద గుడ్డపీలికల మధ్య, అక్క మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"క్షమించక్కా."

అక్క చెల్లెలి తల మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా ఆగింది. ఆ బరువు ఇంకా ఉంది లోపల. దాన్ని తూచుకుంటున్నట్టు కాసేపు కూర్చుంది.

"ఆలోచిస్తా" అంది. "ఊరికే అడగ్గానే ఇచ్చేస్తారేంటి? బాగా ఆలోచించి రేపు చెప్తా."

"సరే అక్కా" అంది చెల్లెలు.